రంగుల పటమూ, రెండు మేకులూ

చిరంజీవి బావమరిదికి,

మీ బావ దీవించి రాసేదేమంటే, ఇక్కడ నేనూ మీ అక్కా బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నా బాగున్నాననే రాస్తావు కాబట్టి ఆ సంగతి అడగను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. ఫోన్‌లో నేను ఒకటి అనేలోపు నువ్వు పది అంటావు. ఉత్తరానికి అడ్డు తగిలే మనిషి ఇంకా పుట్టలేదు. చివరిదాకా చదివి ఏడవాల్సిందే.

మా ఊరి పాత ఆటస్థలాన్ని తిరగదోడి కొత్తగా కడుతున్నారు కదా. ఫుట్‌బాల్ మైదానం, మెట్ల గ్యాలరీ, ఇండోర్ హాలు, గ్రంథాలయం, పిల్లల ఉయ్యాలలు, వీటన్నిటి చుట్టూ నడకదారి. గేటు మీద "ప్రాంతీయ క్రీడా సామాజిక ప్రాంగణం" అని బోర్డు పెట్టారు. ఆగి అది చదివితే ఆ పూటకి నడక ఎగ్గొట్టినట్టే. నిన్న పేపర్లో చూస్తే దీనంతటికీ లైట్ల డిజైన్ చేసేది నువ్వట. డిజైన్! స్తంభం పాతాలి, దీపం బిగించాలి, స్విచ్ నొక్కాలి. ఇందులో డిజైన్ చెయ్యడానికేముందయ్యా? రేపు గొడుగులకి నీడ డిజైన్ చేస్తానని ఇంకొకడు బయల్దేరతాడు.

నేను తూనికలూ కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. తక్కెడ ముల్లు ఊగే తీరు చూసి దుకాణదారు ఏం దాస్తున్నాడో చెప్పేవాణ్ణి. బియ్యం కొలిచాను, కిరోసిన్ కొలిచాను, గుడ్డ కొలిచాను. వెలుతుర్ని కొలిచి బతికే మనిషి ఒకడున్నాడని, వాడు నా ఇంటి అల్లుడి వరసలో కాక బావమరిది వరసలో తగిలాడని తల్చుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

సరేలే, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. కాబట్టి విను. ఇక్కడ సాయంకాల నడక సంఘానికి అధ్యక్షుణ్ణి నేను. గేటు పక్కన, చదునుగా, గట్టిగా, రోడ్డుకి దగ్గరగా ఉన్న జాగాలో మా సంఘం బెంచీ ఉంది. ఆ బెంచీ దగ్గర పట్టపగల్లా ఉండాలి. ఎవరు గేట్లో అడుగుపెట్టినా ముందు మేం కనపడాలి. మిగతాదంతా నీ ఇష్టం.

ఇట్లు,
మీ బావ

కింద మీ అక్క ఏదో గిలుకుతానంటోంది. నేను చదివాకే కవరు అంటిస్తాను, నువ్వేం కంగారుపడకు.

తా.క. తమ్ముడూ, మా రింగు ఆట సంగతి ఆయన రాయరని నాకు తెలుసు. అది ఆడవాళ్ల కాలక్షేపమట, ఆయనగారి బెంచీ మాత్రం ప్రజాసేవట. మా జట్టులో క్లినిక్ నర్సు, బేకరీలో రొట్టెలు కాల్చే ఆమె, బస్టాండులో టిక్కెట్లిచ్చే ఆవిడ, కుట్టుపని చేసే అక్కాచెల్లెళ్లు, డ్రిల్లు టీచర్ని కాబట్టి నేనూ. అందరం పని దిగేసరికి పొద్దు వాలిపోతుంది. మొన్న మసక చీకట్లో రబ్బరు రింగు వచ్చి నర్సు ముక్కుకి తగిలింది. తన ముక్కుకి తనే కట్టు కట్టుకుని మళ్లీ ఆటకి వచ్చింది. ఇప్పుడేమో లైట్లు లేని కోర్టుల్ని బళ్లు నిలిపే చోటు చేసేస్తామని కమిటీ అంటోంది. అదే జరిగితే మా ఆట అయిపోయినట్టే. పంపు గది వెనకున్న మా కోర్టుకి రెండు స్తంభాలు వేయించరా. అక్కడ బురద, కుక్కలు అనుకో, మాకు అలవాటే.

*

పూజ్యులు బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. చివరిదాకా చదివాను. ఏడవలేదు.

లైట్లకి డిజైన్ ఎందుకని అడిగారు. స్తంభం పాతి దీపం బిగిస్తే చాలనుకుంటే ఏమవుతుందో మీ వీధి చివరి లైటే చెబుతుంది. దాని వెలుతురు సగం ఆకాశానికి, సగం ఎదురింటివాళ్ల పడగ్గదికి. కిందున్న గుంట మాత్రం చీకట్లో. పోయినసారి మీ ఇంటికొచ్చి అందులో పడింది నేనే. మీరు వరండాలో నిలబడి "చూసి నడవాలి కదయ్యా" అన్నారు.

నా పనల్లా వెలుతురు అడుగు పడేచోట పడేట్టు, కళ్లలో పడకుండా చూడటం. దీపానికి పైన టోపీ లాంటిది బిగిస్తాం. హాల్లోంచి బయటికొచ్చిన మనిషి ఒక్కసారిగా గుడ్డివాడు కాకుండా కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతాం. పైకి లేచిన బంతి చీకట్లో మాయం కాకుండా చూస్తాం. వెలుతురు పెంచినకొద్దీ చూపు పెరగదు బావగారూ, కూరలో ఉప్పు పెంచినకొద్దీ రుచి పెరగనట్టే.

వెలుతురుకి కొలత లేదనుకుంటున్నారు. ఉంది. కొలిచే పరికరం నా జేబులో పడుతుంది. దానికి బొటనవేలు ఆనించి తూకం తగ్గించడం మాత్రం కుదరదు, అందుకే మీ శాఖ దాన్ని ఎరగదు.

ఇక మీ బెంచీ. కూర్చునేవాళ్లకి మెత్తటి వెలుతురు చాలు. నడక సంఘానికి బెంచీ ఎందుకో నాకు మొదటినుంచీ అనుమానమే. ఈతగాళ్ల సంఘంవాళ్లు తువ్వాళ్లు కప్పుకుని గట్టుమీదే కూర్చున్నట్టు లేదూ?

ప్రాంగణంలో ఎక్కడ ఎంత పడుతుందో చూపించే రంగుల పటం ఒకటి కలిపి పంపుతున్నాను. మీ సంఘంలో చూపించండి. పసిపిల్లలకైనా చూడగానే అర్థమైపోతుంది, వివరం అక్కర్లేదు.

ఇట్లు,
విధేయుడైన బావమరిది

తా.క. అక్కా, పంపు గది వెనక కోర్టుకి రెండు పొడుగు స్తంభాలు పెట్టేశాను, నువ్వు నిశ్చింతగా ఉండు. కమిటీ ఇంజినీరు ఒకటే షరతు పెట్టాడు. కోర్టు స్తంభాలు ఎక్కడ లేస్తే అదే కోర్టు, ఆ మాటకి తిరుగులేదు. నర్సు ముక్కుకి నా పరామర్శ.

*

బావమరిదికి,

ఈసారి చిరంజీవి లేదు, దీవెనలూ లేవు. నా నడకదారి మీద చెరువు తవ్వించడానికి నువ్వెవడివి?

నీ పటం రాగానే గోడకి అంటించి సంఘం అత్యవసర సమావేశం పెట్టాను. ఫుట్‌బాల్ మైదానం ఎరుపు. సరే, కొత్తరకం మట్టేమో అనుకున్నాం. గ్రంథాలయం ముందు పసుపు. ఇసక పోస్తారు కాబోలు, పిల్లలు ఆడుకుంటారు అనుకున్నాం. హాలు చుట్టూ ఆకుపచ్చ, గడ్డి. ఇంతవరకూ మేం నిన్ను మెచ్చుకుంటూనే ఉన్నాం. ఆ తర్వాత చూస్తే నడకదారి పొడుగునా నీలం! మా బెంచీ దగ్గరికొచ్చేసరికి ముదురు నీలం! అంటే లోతు కూడా అక్కడే ఎక్కువ. ఉద్యోగమంతా పటాలూ కొలతలూ చూసినవాణ్ణి, నీలం అంటే ఏమిటో నువ్వు నాకు చెప్పాలా? కాలవైనా నీలమే, చెరువైనా నీలమే, సముద్రమైనా నీలమే.

మా కార్యదర్శికి ఈత రాదు. ఆయన మొహం చూడలేకపోయాం. రిటైరైన పోస్టుమాస్టరు మాత్రం "పడవలేస్తే బాగుంటుందేమో" అన్నాడు. ఆయన్ని అక్కడికక్కడే సభ్యత్వం నుంచి తప్పించాం. "ప్రజలు నడిచే దారిలో జలాశయం వద్దు" అని తీర్మానం రాసి కమిటీ ఛైర్మన్‌కి ఇచ్చి వచ్చాను. ఆయన కూడా పటాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "అవునండోయ్, నీలమే" అన్నాడు.

ఇంతటితో అయిందా? ఊళ్లో మాట పాకింది. చేపలు పెంచేవాడొకడు మా గుమ్మంలోకొచ్చి, పిల్లచేపలు ఎప్పుడు వదలమంటారు అని అడిగాడు. ఆరోగ్య శాఖ ఆవిడ వచ్చి మా బెంచీ చుట్టూ దోమల మందు కొట్టించింది. దుమ్ము లేస్తున్న పొడి నేల మీద! ఇదంతా నీ డిజైన్ మహిమ. మీ అక్క అత్తవారింటి మీద కక్ష ఉంటే సూటిగా తిట్టాలి గానీ, ఇలా నీళ్లలో ముంచుతారా ఎవరైనా?

ఇట్లు,
ఇంకా పొడిగా ఉన్న
మీ బావ

తా.క. తమ్ముడూ, మీ బావ నిద్రలో ఈత కొడుతున్నారు. మంచం పక్కన మంచినీళ్ల గ్లాసు రోజూ కింద పడుతోంది, అదే ప్రస్తుతానికి ఈ ఊళ్లో ఉన్న జలాశయం. పటంలో పంపు గది వెనక మా కోర్టు ఎర్రగా మెరిసిపోతోంది. ఎరుపంటే ఏమిటో మాకు తెలీదు గానీ, అధ్యక్షులవారికి లేనిది మాకు ఉన్నందుకు మా జట్టంతా మహా సంతోషంగా ఉన్నాం. అది అక్కణ్ణుంచి కదలనివ్వకు.

*

పూజ్యులు బావగారికి,

నమస్కారాలు. తల గోడకేసి కొట్టుకుని, మందు రాసుకుని, ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీలం అంటే నీళ్లు కాదు. నీలం అంటే వెలుతురు తక్కువ. ఆకుపచ్చ అంటే కాస్త ఎక్కువ. పసుపు అంటే ఇంకా ఎక్కువ. ఎరుపు అంటే అన్నిటికంటే ఎక్కువ. అది వెలుతురు పటం బావగారూ, నేల పటం కాదు. వెలుతురు పటంలో చెరువు వెతికిన మొదటి మనుషులు మీరే. నా ఆఫీసులో మీ తీర్మానం నకలు గోడకి పెట్టారు, దిగులుగా ఉన్నప్పుడు చదువుకోవడానికి.

నిన్న ఛైర్మన్ ఫోన్ చేసి "లోతెంత పెట్టారు?" అని అడిగాడు. ఫోన్‌లో సరిగ్గా వినపడక, నేను దీపం ఎత్తు గురించేమో అనుకుని, ఇద్దరు మనుషుల ఎత్తుకంటే ఎక్కువే అన్నాను.  ఆయన వెంటనే, కంచె ఎవరు కడతారని అడిగాడు. అరగంట పట్టింది ఆయన్ని ఒడ్డున పడెయ్యడానికి.

సరే, ఇప్పుడు జాగ్రత్తగా వినండి. స్తంభాల లెక్క ఖాయమైపోయింది. ఒక్కటి కూడా పెరగదు. వచ్చేవారం సర్వే వాళ్లు వచ్చి స్తంభం లేచే ప్రతిచోటా కర్రమేకు దిగ్గొడతారు. మామూలు స్తంభాలకి తెల్లగుడ్డ, కోర్టు స్తంభాలకి ఎర్రగుడ్డ కడతారు. గుంటలు తవ్వేవాళ్లు పటం చూడరు. మేకు ఎక్కడ కనపడితే అక్కడ తవ్వి, గుడ్డ రంగుని బట్టి స్తంభం నిలబెట్టి, కాంక్రీటు పోసి వెళ్లిపోతారు. ఈ పనిలో ఎక్కడైనా జరిగేది అంతే. నాకు ఇక్కడ వేరే స్టేడియం పని నెత్తిమీద ఉంది, రావడం కుదరదు.

అందుకని మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు. దయచేసి ఆ ఏమీ చెయ్యకపోవడం కాస్త శ్రద్ధగా చెయ్యండి.

ఇట్లు,
విధేయుడైన బావమరిది

తా.క. అక్కా, మేకుల మీద ఓ కన్నేసి ఉంచు. మీ ఆయన మీద రెండు కళ్లూ వెయ్యి.

*

చిరంజీవి బావమరిదికి,

దీవెనలు తిరిగి ఇస్తున్నాను, తీసుకో. నా మనసిప్పుడు చాలా విశాలంగా ఉంది.

నీ ఉత్తరం చదివాక నాకు అసలు సంగతి బోధపడింది. అంటే ఎరుపు గొప్ప, నీలం తక్కువ. నడక సంఘం అధ్యక్షుడికి నీలం! పంపు గది వెనక రబ్బరు రింగులు విసురుకునేవాళ్లకి ఎరుపు! అక్క మీద అభిమానం ఉండొచ్చు, కాదనను. ఇంత బాహాటంగానా? తక్కెడలో ఒక పళ్లెం నేలకి ఆనుతుంటే చూస్తూ ఊరుకునే ఇన్‌స్పెక్టర్ని కాను నేను. సరిచేశాను.

ఎలాగంటావా? సాయంత్రం కార్యదర్శిని కాపలా పెట్టాను. ఎవరికీ అనుమానం రాకుండా నడుస్తూ ఉండమన్నాను. సంఘంలో చేరాక ఆయన నడవడం అదే మొదలు, తిరిగొచ్చేసరికి ఆయాసంతో మాట రాలేదు. నేను పంపు గది వెనక్కి వెళ్లి, ఎర్రగుడ్డ మేకులు రెండూ పీకి, మా బెంచీకి ఆ పక్కా ఈ పక్కా నా చేతులతో దిగ్గొట్టాను. మా బెంచీ దగ్గరున్న తెల్లగుడ్డ మేకు తీసుకెళ్లి అక్కడ పాతాను. ఎవరికీ ఏమీ తక్కువ చెయ్యలేదు, మార్పిడి చేశానంతే. మర్నాడే తవ్వేవాళ్లు వచ్చారు. నువ్వు చెప్పినట్టే పటం వంక కన్నెత్తి చూడలేదు. చాలా మంచివాళ్లు. కాంక్రీటు పోశారు, స్తంభాలు లేచాయి. తలెత్తి చూస్తే మెడ నొప్పి పుడుతోంది, అంత ఘనంగా ఉన్నాయి.

శనివారం సాయంత్రం లైట్లు వేసి చూస్తారట. ఊరంతా వస్తుంది. సభ్యులందరూ ఇస్త్రీ చొక్కాలతో బెంచీ మీద ఉండాలని కబురు పెట్టాను. పోస్టుమాస్టర్ని కూడా క్షమించి మళ్లీ చేర్చుకున్నాను. డిజైన్ అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది నాకు. పెద్ద విద్యేం కాదు, ఒక సాయంత్రంలో వచ్చేసింది.

మీ అక్కకి చెప్పలేదు. తవ్వకాలు అయ్యేదాకా ఆవిడ జట్టుతో స్కూలు వరండాలో గెంతుతోంది, ఇటు రాలేదు. కింద అతికించింది ఆవిడ చీటీ. మేకులు దిగిన రోజే రాసి, నీకు పోస్టు చెయ్యమని నాకిచ్చింది. చదివి నవ్వుకో.

ఇట్లు,
వెలుగులోకి రాబోతున్న
మీ బావ

తా.క. (అక్క చీటీ) తమ్ముడూ, మా మేకులు చూసుకున్నాం. ఎర్రగుడ్డలు కట్టి ఎంత బాగున్నాయో. ఒకటే బెంగ, పంపు గది వెనక మట్టి బురదగా ఉండి మేకు సరిగ్గా దిగలేదు. చెయ్యేసి లాగితే వచ్చేస్తుంది. అయినా లాగేదెవరులే. మీ బావకి ఆ ఆలోచన వచ్చినా, కిందికి వంగితే మళ్లీ లేవలేరు కదా, మోకాళ్లు ఎప్పుడో పోయాయి. ఆయన వల్ల ఏమవుతుంది?

*

బావగారూ,

పూజ్యులు అన్న మాట రాయడానికి ఈ పూట చెయ్యి రావడం లేదు.

కాంట్రాక్టరు ఫోటో పంపాడు. ఏం చేశారో తెలుస్తోందా మీకు? నా పటం పాడైనందుకు కాదు నా బాధ. పంపు గది వెనక ఒకే ఒక్క బక్క స్తంభం నిలబడి ఉంది. ఇంజినీరు దాన్ని చూసి, ఇక్కడ కోర్టు లేదు కాబట్టి బళ్లు పెట్టుకోవచ్చని కాగితం మీద రాసేశాడు. పొద్దున్నుంచీ పిల్లల మధ్య, పిండి మధ్య, రోగుల మధ్య ఒళ్లు హూనం చేసుకుని వచ్చే ఆడవాళ్లకి ఉన్నది ఆ ఒక్క ఆట. దాన్ని మీ బెంచీ సోకు కోసం చంపేశారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? మీరు కూర్చునేవాళ్లు! మీకు వెలుతురెందుకు?

స్తంభాలు పీకించడం నా వల్ల కాదు. కాంక్రీటు గట్టిపడిపోయింది, మీ బుర్రలాగే.

ఇట్లు,
సిగ్గుతో తల వంచుకున్న
బావమరిది

తా.క. అక్కా, నీ మొహం ఎలా చూడాలో తెలియడం లేదు. ఒక్కసారి వచ్చి చూసుకోవాల్సింది. రాకపోవడం నా తప్పే. నన్ను తిట్టు.

*

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాయునది. ముందు కళ్లు తుడుచుకో. తిట్టమన్నావు కాబట్టి తిడతాను, కానీ నువ్వనుకున్నందుకు కాదు.

ముందు శనివారం ముచ్చట చెప్పాలి. గ్యాలరీ మెట్లు నిండిపోయాయి. మీ బావ సంఘం మొత్తం ఇస్త్రీ చొక్కాలేసుకుని బెంచీ మీద వరసగా కూర్చుంది, ఫోటో తీయించుకోవడానికొచ్చినట్టు. లైట్లు వెయ్యడం ఆలస్యమైంది. ఊరికే కూర్చోలేరు కదా, మసక చీకటి పడేసరికి ఎవరి పొట్లం వాళ్లు తీశారు. రోజూ అక్కడ జరిగే నడక అదే. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడలేదనుకుంటారు పాపం. ఛైర్మన్ స్విచ్ నొక్కాడు.

ఒరేయ్, నీ పనితనం ఒప్పుకోవాలి. ఆ వెలుతురు ఎవరి కళ్లలోనూ పడలేదు. తిన్నగా వెళ్లి చేతుల మీద పడింది. మీ బావ చేతిలో క్రీము బన్ను, మూతికి క్రీము. ఆయనకి షుగరని ఊళ్లో కుక్కపిల్లకి కూడా తెలుసు. కార్యదర్శి చేతిలో వేయించిన పల్లీలు. పోస్టుమాస్టరు మా నర్సుకి తండ్రి. ఆయన ఒళ్లో బిస్కెట్ల డబ్బా, ఇంత పెద్దది. నర్సు మెట్లు దిగి వెళ్లి, డబ్బా లాక్కుని వచ్చి మా అందరికీ పంచింది. గ్యాలరీలో చప్పట్లు ఆగలేదు. గేట్లో అడుగు పెట్టినవాళ్లకి ముందు తామే కనపడాలని కోరుకున్నారు కదా మహానుభావులు, కనపడ్డారు.

అప్పుడు ఇంజినీరు టేపు పట్టుకుని వచ్చాడు. కోర్టు స్తంభాలు ఎక్కడ లేస్తే అదే కోర్టని నువ్వే కదా రాశావు? ఆ మాట మీ బావకి సరే, నీకే గుర్తులేదు, ఏడుస్తూ కూర్చున్నావు. "ఈ కోర్టులో ఆడేవాళ్లెవరు?" అని అడిగాడు. నేను చెయ్యెత్తాను, మా జట్టంతా ఎత్తింది. సున్నంతో గీతలు గీయించాడు. బెంచీ సరిగ్గా మధ్యగీత మీద ఉంది, ఇక్కణ్ణుంచి తీసెయ్యమన్నాడు. సంఘం సభ్యులే మోసుకెళ్లి పంపు గది వెనక, బళ్లు పెట్టే చోట దింపారు. ఆ సంఘం పుట్టాక చేసిన మొదటి వ్యాయామం అదే. కార్యదర్శి ఇప్పటికీ నడుం పట్టుకుని తిరుగుతున్నాడు.

నాకు ఆ గేటు పక్క జాగాయే కావాలిరా. ఎప్పణ్ణుంచో కావాలి. చదునుగా ఉంటుంది, రోడ్డు పక్కనే, ఆట అయ్యాక నలుగురు తిరిగే చోటునుంచే ఇంటికి పోవచ్చు. పంపు గది వెనకనుంచి చీకటిపడ్డాక ఒక్కత్తే రావాలంటే బేకరీ ఆమెకి భయం. ఇక మానేస్తానంది. కుట్టుపని చేసే వాళ్లలో చిన్నమ్మాయి అప్పటికే మానేసింది. జట్టు నా కళ్లముందే చెదిరిపోతుంటే ఏడుపొచ్చేది. కమిటీని అడిగితే, మీ ఆయన సంఘం ఒప్పుకుంటే మాకేం అభ్యంతరం లేదన్నారు. మీ బావని సూటిగా అడిగాను, బతిమాలాను, అలిగాను. "రింగులు విసరడానికి గేటు పక్క జాగానా?" అని నవ్వారు. కాదంటే బాధపడేదాన్ని కాదు, కాదనే హక్కు ఎవరికైనా ఉంటుంది. ఆ నవ్వుకే ఒళ్లు మండింది.

ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని, ఆయన సంగతి నాకు తెలియదా? చెయ్యమన్నది చెయ్యరు. వద్దన్నది వదలరు. మాకు ఏదైనా బాగుందంటే అది ఆయనకి కావాలి. చేతకాదంటే చేసి చూపిస్తారు. మరి నా తా.క.లు ఎవరికి రాశాననుకున్నావు? నీకు కాదురా పిచ్చి సన్నాసీ. చదివి కవరు అంటించే మనిషికి రాశాను. మోకాళ్లు వంగవని రాసిన చీటీ ఆయన చేతికిచ్చి స్కూలుకి వెళ్లానా, సాయంత్రానికి ప్యాంటు మోకాళ్లకి బురదతో వచ్చారు.  వేడినీళ్లు కాచి ఇచ్చాను.

ఇక నీకు తిట్లు. నువ్వు గదిలో కూర్చుని రంగులు వేసి ఊరికి వెలుగు పంపావు. పటంలో మా కోర్టు ఎర్రగా ఉంది, నిజమే. ఆ కోర్టునుంచి రోడ్డుదాకా వచ్చే దారి నీ పటంలో ముదురు నీలం. ఆడినంతసేపూ వెలుగులో ఉండి, ఇంటికి చీకట్లో పొమ్మన్నావు. ఆ సంగతి నీకూ తట్టలేదు, నీ ఆఫీసులో నవ్వుకున్నవాళ్లకీ తట్టలేదు. మీ బావ వెలుతురు పటంలో నీళ్లు చూశారు. నువ్వు ఆ పటంలో మనుషుల్నే చూడలేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ తెలివితక్కువవాళ్లో తేల్చడానికి నాకు తీరిక లేదు, ఆటకి వేళైంది.

చిన్నమ్మాయి నిన్న మళ్లీ వచ్చింది.

ఇట్లు,
మీ అక్క

తా.క. ఈ ఉత్తరం కూడా పోస్టు చెయ్యమని మీ బావ చేతికే ఇస్తున్నాను. ఏమండీ, ఇక్కడిదాకా చదివారు కదా. కోపం వస్తే రానివ్వండి, నాకూ చాలాకాలం వచ్చింది. అయినా మీ మీద బెంగగానే ఉందండీ. శనివారం నుంచీ సరిగ్గా అన్నం తినడం లేదు, ఆ బళ్ల మధ్య బెంచీ మీద ఒక్కరే కూర్చుంటున్నారట. అలా కూర్చోకండి. ముందు ఈ కవరు అంటించి డబ్బాలో వేసి, తిన్నగా కోర్టుకి రండి. మాకు రిఫరీ లేడు. రింగు గీతకి ఇవతల పడిందో అవతల పడిందో తేల్చలేక రోజూ కొట్టుకుంటున్నాం. నేను గీత తొక్కితే తొక్కానని గట్టిగా అరవండి. ఊరందరి ముందూ నా మీద అరిస్తే నోరు మూసుకుని వినే చోటు అదొక్కటే.